ఒక బోరు, రెండు మళ్లు: మన ఎండల్లో ప్రాసెసర్ పవర్ సెట్టింగ్స్

(నల్గొండలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సార్లకు, మేడంలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

పన్నెండేండ్ల సంది నల్గొండలో కంప్యూటర్లు బాగుచేస్తున్న. ఏటా ఏప్రిల్ సగం దాటిందంటే షాపులో ఒకటే మాట వినపడతది. "అన్నా, సంక్రాంతి సెలవుల్లో గేమ్ మంచిగ నడిచింది. ఇప్పుడు పది నిమిషాలు కాంగనే ల్యాగ్ కొడుతుంది. వైరస్ ఏమన్నా వచ్చిందా, చూడరాదు." కొందరు విండోస్ మళ్లీ ఎక్కించుకుని పోతరు, వారం తిరగకముందే మళ్లీ అదే బాధతోని వస్తరు. సంక్రాంతికి, మే నెలకు మధ్య మారింది విండోస్ కాదు. గదిలో గాలి మారింది.

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు 4.4 గిగాహెర్ట్జ్ అని చూసి సంబరపడతం. ఆ వేగం ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్పు, వీలున్నంతసేపే ఇస్తది. 2008లో ఇంటెల్ మొదటి కోర్ ఐ7 తోని టర్బో బూస్ట్, అంటే వీలున్నప్పుడు మామూలు కంటే వేగం పెంచే పద్ధతి, తెచ్చింది. అప్పటి సంది నడుస్తున్న లెక్క ఇదే: కరెంటు అందుతుంటే, వేడి అదుపులో ఉంటే పైకి పోతది, లేకుంటే కిందికి దిగుతది. ఇంటెల్ ఐ5 12450హెచ్ అనే ప్రాసెసర్‌నే తీసుకోండి. దాని మామూలు లెక్క 45 వాట్లు. టర్బోలో 95 వాట్ల దాంక తాగుతది. లోపల వేడి 100 డిగ్రీలు ముట్టిందంటే మాత్రం కాలిపోకుండ తనంతట తనే వేగం కోసేసుకుంటది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటరు.

ఇప్పుడు ఎండ సంగతి. ల్యాప్‌టాప్ ఫ్యాను గదిలో గాలినే లోపలికి గుంజుతది. ఆ గాలి కంటే చల్లగ ఏ హీట్‌సింకూ (చిప్పు వేడిని గుంజి బయటికి వదిలే లోహపు రెక్కలు) చేయలేదు. జనవరిలో మన గదులు 24, 25 డిగ్రీలు ఉంటయి. మే మధ్యాహ్నం రేకుల ఇంట్లనో, పై అంతస్తు స్లాబు కిందనో కూసుంటే 40 దగ్గర ఉంటది. ఆ పదిహేను డిగ్రీల తేడా అట్లనే పోయి చిప్పు మీద కూసుంటది. చలికాలం 85 దగ్గర హాయిగ నడిచిన ప్రాసెసర్, అదే గేమ్‌కు, అదే సెట్టింగ్స్‌కు ఎండకాలం 100 గీత ముట్టి బ్రేకు వేస్తది. కాసేపు చల్లబడతది, మళ్లీ ఉరుకుతది, మళ్లీ ముట్టుతది. మీరు ల్యాగ్ అనేది ఈ ఉరుకుడు, ఆగుడునే.

ఇది కంటికి ఎందుకంత బాధ పెడతదంటే, సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే ఏడు కూడా లేదు. వంద ఫ్రేముల్లో ఒక్కటి 50 మిల్లీసెకన్లు పట్టినా సగటు పెద్దగ మారదు. కానీ గురి చూసి క్లిక్ కొట్టబోయే చెయ్యికి ఠక్కున తెలుస్తది. అందుకే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) చూసి మురవకండి. "వన్ పర్సెంట్ లో" అని ఇంకో అంకె ఉంటది, అన్నిటికంటే వెనకపడ్డ నూటికొక్క ఫ్రేముల లెక్క అది. నేను ముందుగాల అదే చూస్త. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే మీకూ కనపడతది.

మ్యాథ్స్ పిల్లలు పెన్నులు తీయండి, ఒక లెక్క చెప్త. ప్రాసెసర్ తాగే కరెంటు, అంటే పుట్టే వేడి, దాని వేగాన్ని బట్టి పెరుగుతది, ఓల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతది. వేగం 4.0 నుంచి 4.4కు పోవడానికి ఓల్టేజీ 1.2 నుంచి 1.3కు పెంచవలసి వచ్చిందనుకుందం. 1.3ని 1.2తో భాగించి వర్గం చేస్తే 1.17. దాన్ని 1.1తో గుణిస్తే 1.29. పది శాతం వేగం కోసం 29 శాతం వేడి. ఇప్పుడు అదే లెక్క వెనక్కి నడపండి. 4.4 నుంచి 4.0కు దిగితే పోయేది 9 శాతం వేగం, తగ్గేది 22 శాతం వేడి. నల్గొండ ఎండకు ఇంతకంటే మంచి బేరం లేదు. వీడియోలలో అందరూ "పెంచు, పెంచు" అంటరు. పన్నెండేండ్లలో నేను బాగుచేసిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువశాతం తగ్గించి బాగుచేసినవే.

అయితే తగ్గించే ముందు ఒక చిన్న పరీక్ష. దేవరకొండ నుంచి ఒక తమ్ముడు వచ్చిండు. కొత్త ల్యాప్‌టాప్, ఎంత చేసినా గేమ్ నడవదు. గంటసేపు సెట్టింగ్స్ తిప్పిన. తర్వాత చార్జర్ చేతిలోకి తీసుకుని వెనకున్న అచ్చు చదివిన: 65 వాట్లు. ఆ ల్యాప్‌టాప్‌కు 180 వాట్లది కావాలె. అసలుది హాస్టల్లో మరిచిపోయి వాళ్ల అన్న చార్జర్ తెచ్చుకున్నడు. వాట్లు సరిపోకుంటే ల్యాప్‌టాప్ ముందే తగ్గి నడుస్తది. బ్యాటరీ మీద ఆడినా అదే కథ. చార్జర్ వెనక సన్నటి అక్షరాలు మీరు కూడా ఇయ్యాల్నే చదవండి.

ఇగ విండోస్. 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలోకి పోతే పవర్ మోడ్ ఉంటది. గేమ్ ఆడేటప్పుడు బెస్ట్ పర్ఫార్మెన్స్ పెట్టుకోండి, ఎవరో పవర్ ఎఫిషియెన్సీ మీద పెట్టి వదిలేసి ఉంటే నిజంగనే తేడా కనపడతది. 2018లో విండోస్ 10తోని అల్టిమేట్ పర్ఫార్మెన్స్ అని ఇంకో ప్లాన్ వచ్చింది. అది వర్క్‌స్టేషన్ల (భారీ పనులకు వాడే పెద్ద కంప్యూటర్లు) కోసం చేసింది, గేముల్లో దానితోని నేను పెద్ద లాభం చూడలేదు. మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ (ప్రాసెసర్ ఎంతకంటే కిందికి దిగొద్దో చెప్పేది) 5 శాతం నుంచి 100కు మార్చమని కూడా చెప్తరు. గేమ్ నడుస్తుంటే ప్రాసెసర్ ఎట్లాగూ పైకి పోతది. ఆ 100 వల్ల మీరు నోట్స్ రాసుకునేటప్పుడు కూడా అది వేడెక్కుకుంట కూసుంటది. 5 దగ్గరనే ఉంచండి.

నేను ఇయ్యాల ముఖ్యంగ చెప్పాలనుకుని వచ్చింది దాని కిందనే ఉండే మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్, అంటే ప్రాసెసర్ ఎంత పైకి పోవచ్చో చెప్పేదాని గురించి.

మీలో చానామంది ఇంట్ల వ్యవసాయం ఉంది కాబట్టి అట్లనే చెప్త. ఒకటే బోరు, కింద రెండు మళ్లు. బోరు పోసేది రెండించుల నీళ్లు. పై మడికి మడవ పూర్తిగ తెరిస్తే నీళ్లన్నీ అక్కడనే నిలుస్తయి, కింది మడి నెర్రెలు వారుతది. విడిగ గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు గీసే చిప్పు) లేని సన్నటి ల్యాప్‌టాప్‌లో జరిగేది ఇదే. మొత్తం చిప్పుకు దొరికేది 15 వాట్లు. ప్రాసెసర్ కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు), గ్రాఫిక్స్ రెండూ అందులోనే పంచుకోవాలె. టర్బోలో ఉన్న కోర్లు తమకు అవసరం లేని వేగానికి కూడా నీళ్లు గుంజుకుంటయి. బొమ్మ గీయాల్సిన గ్రాఫిక్స్ దాహంతోని ఉంటది.

ఆ మడవ కట్టేది ఎట్ల? కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌లో ప్లగ్‌డ్ ఇన్ దగ్గర 100 తీసి 99 పెట్టండి. ఒక్క అంకె తగ్గితే ఏమైతదని అనిపిస్తది. కానీ 100 లేకుంటే టర్బోకు పర్మిషన్ లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు. బీటెక్ చదివే ఒక చెల్లె ల్యాప్‌టాప్ మీద 99 పెట్టి జీటీఏ 5 తెరిచిన. వేగం తగ్గింది, ఫ్యాను మోత తగ్గింది, ఫ్రేములు పెరిగినయి. కారు తిప్పుతుంటే రోడ్డు జారినట్టు సాఫీగ పోతుంది. ఆ చెల్లె కీబోర్డు మీద అరచెయ్యి పెట్టి "సల్లగున్నది అన్నా" అన్నది. అటువంటి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే, వీలైనప్పుడు రెండోది వేయించుకోండి. గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటది కాబట్టి దాని లాభం సెట్టింగ్స్ కంటే ఎక్కువ.

కానీ ఈ 99 అన్నిటికీ పనికిరాదు. ఇందాక చెప్పిన 12450హెచ్‌కు టర్బో తీసేస్తే పెద్ద కోర్ల వేగం 2.0 గిగాహెర్ట్జ్‌కు పడిపోతది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ప్రాసెసర్ మీదనే బరువు పెట్టే గేములు, వాటిలో ఫ్రేములు బాగ రాలిపోతయి. అక్కడ మడవ సగమే కట్టాలె. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తోని దాచిపెట్టిన ఒక సెట్టింగ్ బయటికి తీయొచ్చు, మాగ్జిమమ్ ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ దాని పేరు; 12450హెచ్ లెక్క పెద్ద, చిన్న కోర్లు రెండూ ఉన్నదాంట్ల పెద్ద కోర్లకు అదే పేరుతోని 'క్లాస్ 1' అని విడిగ ఉంటది. 3500 అని మెగాహెర్ట్జ్‌లలో పెడితే టర్బో ఉంటది, పిచ్చి ఉరుకుడు ఉండదు. విడి గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్‌కు చల్లబరిచే రాగి గొట్టాలు చానావరకు ఒకటే. ఒకటి తగ్గితే రెండోది ఊపిరి పీల్చుకుంటది. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈ ప్రాసెసర్ సెట్టింగ్స్ అసలు కనపడవు, వాటికి కంపెనీ ఇచ్చిన యాప్‌లో సైలెంట్, బ్యాలెన్స్‌డ్ మోడ్‌లతోనే పని నడపాలె.

గేమ్‌లో ఫ్రేము లిమిట్ మరిచిపోకండి. మీ స్క్రీన్ 60 హెర్ట్జ్‌ది అయితే 140 ఫ్రేములు గీయించినా అది చూపించేది అరవయ్యే. మిగిలిందంతా ఉత్త వేడి.

దుమ్ము సంగతి కూడా చెప్పాలె. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్ వచ్చింది. ఆ ఇంటి పిల్లగాడు రాత్రిళ్లు దాని మీదనే గేములు ఆడతడు. విప్పి ఫ్యాను తీసిన. వెనక రెక్కల మీద ఊక దుమ్ము, బట్టల నూగు కలిసి గొంగడి ముక్కలెక్క అట్ట కట్టింది. చిమ్టాతోని పట్టుకుంటే మొత్తం ఒక్క ముక్కగ ఊడి వచ్చింది. దానికి ఏ పవర్ సెట్టింగ్ పనిచేస్తది? పత్తి ఏరే కాలంలో మన ఊర్లల్ల కూడా ఇదే. ఏడాదికొకసారన్నా విప్పి ఊదించండి, రెండు మూడేండ్లకు థర్మల్ పేస్ట్ (చిప్పు వేడిని హీట్‌సింకుకు అందించే పూత) మార్పించండి. నీళ్ల కూలరు ముందర మాత్రం ల్యాప్‌టాప్ పెట్టకండి. సల్లగాలి బాగనే అనిపిస్తది, ఆ తేమ లోపలికి పోయి బోర్డు మీద పచ్చగ తుప్పు పట్టినవి నేను కండ్లార చూసిన. దాన్ని బాగుచేయడం నా వల్ల కాలేదు.

డెస్క్‌టాప్ ఉన్నోళ్లకు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగ్స్) పవర్ లిమిట్లు తీసేయమని ఎవరన్నా చెప్తే 2024 గుర్తు చేసుకోండి. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ ఓల్టేజీ పడి పాడయితున్నయని కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) మార్పు ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. ఆ ప్రాసెసర్ ఉన్నోళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకోకుండ ఉంటే ఈ వారంలోనే చేసుకోండి. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 ప్రాసెసర్ ఉన్నోళ్లు 95 డిగ్రీలు చూసి బెదరకండి, అది ఆ కంపెనీ అనుకుని పెట్టిన లెక్కనే. చల్లగ కావాలంటే బయోస్‌లో తక్కువ కరెంటుతోని నడిపే ఎకో మోడ్ ఉంటది.

మాటలు చాలు. టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టిన, రెండిటికీ ఒకటే ప్రాసెసర్. ఒకటి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది, రెండోదానికి మడవ కట్టిన. ఈ హాల్లో ఇప్పుడు 37 డిగ్రీలు. ఇద్దరు ముందుకు రండి, ఇరవై నిమిషాలు ఆడండి. మిగిలినోళ్లు తెర మీద వేడి, వేగం, వన్ పర్సెంట్ లో, మూడంకెలు నోట్ చేసుకోండి.