ఆ తల్లిని మళ్లీ రప్పించకండి

వేదిక మీది పెద్దలకు, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ (ఎం.ఎల్.టి.) పిల్లలకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను మే 8 తలసీమియా దినోత్సవం గురించి మాట్లాడమన్నారు. తలసీమియా అంటే పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక, తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే జబ్బు. దాని గురించి మీరే బోర్డు మీద చక్కగా రాశారు. నేను నేరుగా రక్తం ట్యూబు దగ్గరికి వస్తాను.

ముదిరిన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, ప్రోటీన్ తయారీకి డీఎన్‌ఏ నుంచి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ కూడా ఉండదు. మూలుగ నుంచి అప్పుడే రక్తంలోకి దిగిన లేత కణం రెటిక్యులోసైట్‌లో మాత్రం ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు రోజులు ఉంటుంది. అందులోని సందేశాల్లో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ అయిన గ్లోబిన్ తయారీకే. మన దేశంలో బీటా తలసీమియా వాళ్లలో ఎక్కువగా కనిపించే జన్యు మార్పు ఐవీఎస్ 1-5. బీటా గ్లోబిన్ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో, అంటే సందేశంలోంచి కత్తిరించి తీసేయాల్సిన ముక్కలో, అయిదో అక్షరం జీ ఉండాల్సిన చోట సీ ఉంటుంది. ఒక్క అక్షరమే! దాంతో సందేశం చాలావరకు తెగాల్సిన చోట తెగదు. దర్జీ గుడ్డను గీత తప్పి కత్తిరించి, అలాగే కుట్టేసినట్టు. అక్షరం మారిందని డీఎన్‌ఏ చెబుతుంది. సందేశం ఎంత పాడైంది, ఎంత మిగిలింది అన్నది ఆర్‌ఎన్‌ఏలో చూడాలి.

నేను అసలు చెప్పాలని వచ్చింది వేరే. మన్యం నుంచి ఒక తల్లి తెల్లవారుజామునే బస్సెక్కి తలసీమియా ఉన్న బాబును తీసుకొచ్చింది. ఈ ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు రక్తం తీశాం. ట్యూబును తలకిందులు చేసి కలపలేదు, మధ్యాహ్నం దాకా టేబుల్ మీదే వదిలేశాం. ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముక్కలైంది. ఆ తప్పు మాదే. ఈలోగా బాబుకు రక్తం ఎక్కించేశారు. ఎక్కించాక సొంత కణాల తయారీ తగ్గుతుంది, దాత కణాలు కలుస్తాయి. అందుకని మళ్లీ ఎక్కించే రోజు దాకా ఆగి, దానికి ముందే తీయాలి. మూడు వారాలు ఆగాం.

మళ్లీ వచ్చినప్పుడు ఆ బాబు నా తెల్లకోటు చూడగానే చెయ్యి వెనక దాచుకున్నాడు. తల్లి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. తనే బాబు చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు పెట్టింది.

పిల్లలూ, ఒక్క మాట వినండి. రక్తం తీసిన టైం రాయండి. ఆఖరిసారి ఎప్పుడు ఎక్కించారో అడిగి రాయండి. ట్యూబును ఊపొద్దు, మెల్లగా 8 నుంచి 10 సార్లు తిప్పండి. ముందు వరసలో అమ్మాయీ, ఇలా రామ్మా. ఈ ట్యూబు పట్టుకో, ఎలా తిప్పాలో అందరికీ చూపిద్దాం.