ఆ ఇల్లు ఆమెది: అపాచీ స్త్రీల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

అమెరికా ఆదివాసులైన అపాచీల పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది గుర్రం మీద తుపాకీ పట్టుకున్న మగవాడు. సినిమాలు మనకు అలాగే చూపించాయి. అపాచీ యోధుడు జెరోనిమో పేరు విననివాళ్లు తక్కువ. కానీ జెరోనిమో రాత్రి ఎక్కడ పడుకునేవాడు, ఏం తినేవాడు, కాళ్లకు వేసుకున్న తోలు జోళ్లు ఎవరు కుట్టారు అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. ఈ సాయంత్రం నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ చిన్న తెగలు అమెరికా, మెక్సికో రెండు దేశాల సైన్యాలతో దశాబ్దాల పాటు తలపడగలిగాయంటే, వాళ్ల ఇల్లు కదలగలిగేది కాబట్టే. ఆ ఇల్లు ఆడవాళ్ల చేతిలో ఉండేది.

ముందుగా ఒక విషయం. అపాచీలు ఒకే తెగ కాదు. ఆరిజోనాలో పశ్చిమ అపాచీలు, న్యూ మెక్సికో వైపు చిరికాహువాలు, మెస్కలేరోలు, హికరీయాలు, టెక్సాస్ వైపు లిపాన్‌లు. తమను తాము ‘ఇందే’, ‘ఎన్‌దే’ అని పిలుచుకుంటారు, మనుషులు అని అర్థం. పద్ధతులు ఒక్కో వర్గంలో ఒక్కోలా ఉంటాయి. అందుకే ఎవరి గురించి చెబుతున్నానో పేరు పెట్టి చెబుతాను.

చిరికాహువాలు, పశ్చిమ అపాచీలు ఉండేది వికియప్ అనే గుండ్రటి గుడిసెలో. సన్నటి కొయ్యలు వలయంగా పాతి, కొసలు పైన వంచి యక్కా అనే ఎడారి మొక్క ఆకు నారతో కట్టి, చుట్టూ గడ్డి కప్పుతారు. చలికాలంలో పైన తోళ్లు వేస్తారు. కట్టేది ఆడవాళ్లే. ఒక పూటలో ఇల్లు లేస్తుంది. వదిలి వెళ్లాల్సి వస్తే బుట్టలు, తోళ్లు వీపుకు ఎత్తుకుని నడవడమే.

పెళ్లయ్యాక అబ్బాయి అమ్మాయి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. మనం దీన్ని ఇల్లరికం అంటాం. కానీ మన దగ్గర ఆ మాటలో కొంచెం చులకన ఉంది, కొడుకులు లేని ఇంట్లోనే ఆ ఏర్పాటు. అక్కడ అందరికీ అదే పద్ధతి. ఒక అమ్మమ్మ, ఆమె కూతుళ్లు, వాళ్ల భర్తలు, పిల్లలు అందరూ పక్కపక్క గుడిసెల్లో. పశ్చిమ అపాచీల్లో పిల్లల వంశం కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. అల్లుడు వేటాడి తెచ్చిన మాంసం అత్త పొయ్యి దగ్గరికి చేరుతుంది, పంచిపెట్టేది ఆమె. అయితే ఆ అల్లుడు అత్తకు ఎదురుపడకూడదు. ఆమె వస్తుంటే ఇతను పక్కకు తప్పుకుంటాడు, ఏదైనా చెప్పాలంటే భార్య ద్వారా చెబుతాడు. బయటివాళ్లకు వింతగా తోచింది గానీ, వాళ్ల దృష్టిలో అది గౌరవం. ఒకే చోట బతకాల్సిన ఇద్దరి మధ్య గొడవలు రాకుండా పెట్టుకున్న కట్టుబాటు కూడా అని నాకు అనిపిస్తుంది. కాపురం చెడితే భార్య అతని సామాను తీసి గుడిసె బయట పెట్టేది. అతనికి అర్థమయ్యేది, వెళ్లిపోయేవాడు.

ఇదంతా విని అక్కడ అన్నీ బాగున్నాయని అనుకోవద్దు. ఒక మగవాడు అక్కచెల్లెళ్లను ఇద్దరినీ పెళ్లి చేసుకోవడం ఉండేది. భార్య తప్పు చేసిందని అనుమానిస్తే ముక్కు కొస కోసేసే దారుణం చిరికాహువాల్లో ఉండేది. మగవాడికి అలాంటి శిక్ష లేదు. 1885 మేలో జెరోనిమోతో పాటు కొందరు రిజర్వేషన్, అంటే ప్రభుత్వం తెగను ఉంచిన ప్రాంతం, వదిలి పారిపోయారని చరిత్రలో చదువుతాం. దానికి ముందు సైన్యాధికారి దగ్గరికి వెళ్లి నాయకులు నిలదీసింది రెండు నిషేధాల గురించి. ఒకటి, మొక్కజొన్నను పులియబెట్టి చేసే టిస్విన్ అనే మత్తుపానీయం చేయకూడదని. రెండోది, భార్యల్ని కొట్టకూడదని. ఆ టిస్విన్ చేసేది ఆడవాళ్లు, ఆ దెబ్బలు తినేది కూడా వాళ్లే. ఈ మాట దాచిపెట్టి అపాచీ స్త్రీని పొగిడితే ఆమెకు మనం న్యాయం చేసినట్టు కాదు.

ఇక తిండి సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాను, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

మన రైలు కట్టల పక్కన, పొలాల కంచెల్లో కిత్తనార మొక్కలు చూసే ఉంటారు. కత్తుల్లాంటి ఆకులు, చివర ముల్లు. ఆ జాతి మొక్కే అక్కడి కొండల్లో పెరుగుతుంది, దాన్నే మెస్కల్ అంటారు. మెస్కలేరోలకు స్పానిష్ వాళ్లు పెట్టిన పేరు దాని నుంచే వచ్చింది. అది ఎన్నో ఏళ్లు పెరిగి ఒక్కసారే పూస్తుంది. పువ్వుకాడ లేవబోయే సమయంలో మొదట్లో ఉండే గడ్డ నిండా తీపి చేరుతుంది. ఆ సమయం కనిపెట్టాలి. కొంచెం ముందైతే చప్పగా ఉంటుంది, కొంచెం ఆలస్యమైతే తీపంతా కాడలోకి పోతుంది. వసంతంలో ఆడవాళ్లు గుంపుగా కొండలెక్కి, చివర చెక్కిన ఓక్ కర్రను మొదట్లో పెట్టి రాయితో కొట్టి గడ్డను పెకలిస్తారు. ఆకులు నరికేస్తే తెల్లటి గుండ్రటి ముద్ద మిగులుతుంది.

తర్వాత గొయ్యి. మనిషి పడుకుంటే సరిపోయేంత వెడల్పు, నడుము లోతు. అడుగున, అంచుల్లో రాళ్లు పేర్చి, కట్టెలు వేసి, జమ్ము పుప్పొడి చల్లి, ప్రార్థన చేసి నిప్పు పెడతారు. రాళ్లు బాగా కాలాక గడ్డలు పేర్చి, తడి గడ్డి కప్పి, పైన మట్టి పోస్తారు. ఒక్కొక్కరు తమ గడ్డలకు గుర్తు పెట్టుకుంటారు, తీసేటప్పుడు తగాదా ఉండదు. ఒక రోజు నుంచి నాలుగు రోజుల దాకా మగ్గుతుంది. మట్టి తీస్తే గోధుమరంగు ముద్ద, బెల్లం పాకం లాంటి తీపి. నమిలి రసం మింగి, చెరుకు పిప్పిలాగా పీచు ఉమ్మేయడమే. మిగిలింది దంచి, పలకలుగా ఎండబెట్టి దాచుకుంటే నెలల తరబడి నిలవుంటుంది. సైనికుల కన్నుగప్పి కొండల్లో తిరిగేవాడి సంచిలో ఉండేది ఆ ఎండు మెస్కలే.

ఇంకా ఉన్నాయి. మెస్కీట్ కాయలు దంచి పిండి చేసేవాళ్లు. మెస్కీట్ అంటే మన ఊళ్లలో చెరువు గట్ల మీద అల్లుకుపోయిన సర్కారు తుమ్మకు చుట్టం. మన దగ్గర మేకలు తినే ఆ తియ్యటి కాయల్లాంటివే. పైన్ గింజలు, ఓక్ కాయలు, యక్కా పండ్లు సరేసరి. వీటిలో ఏది ఏ కొండ మీద, ఏ నెలలో దొరుకుతుందో ఆడవాళ్ల తలలో ఉండేది. అమ్మమ్మ మనవరాలిని వెంట తిప్పుకుంటూ నేర్పేది. పశ్చిమ అపాచీల్లో మాటకు విలువ, పనికి పేరు ఉన్న పెద్దావిడ ఈ గుంపులను నడిపించేది. నీళ్లు మోసే కుండ కూడా మట్టిది కాదు. బుట్టలా అల్లి, కారకుండా పైన్ బంక పూసేవాళ్లు. పరిగెత్తాల్సి వచ్చినప్పుడు కింద పడినా పగలదు.

ఈ ఆడవాళ్ల పని ఎంతటిదో ఒక సైనికాధికారి లెక్క రాసిపెట్టాడు. 1871లో ఆరిజోనాలో క్యాంప్ గ్రాంట్ అనే సైనిక స్థావరం దగ్గర అరవైపా అపాచీలు ఆయుధాలు పక్కనపెట్టి స్థిరపడ్డారు. అక్కడి లెఫ్టినెంట్ రాయల్ విట్‌మన్ గుర్రాలకు ఎండుగడ్డి కొనడం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో దాదాపు 3 లక్షల పౌండ్ల గడ్డి వచ్చింది. ఆడవాళ్లు చాకులతో కోసి, వీపుల మీద మోసుకొచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 30 తెల్లవారుజామున టూసాన్ పట్టణం నుంచి వచ్చిన గుంపు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లు, పిల్లలే. మగవాళ్లలో ఎక్కువమంది వేటకు వెళ్లి ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయారు. డిసెంబర్‌లో కేసు విచారణకు వస్తే, జ్యూరీ 19 నిమిషాల్లో నిందితులందరినీ వదిలేసింది. గడ్డి లెక్క, ఈ 19 నిమిషాలు పక్కపక్కన చదివినప్పుడు నాకు చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

యుద్ధంలోకి దిగిన ఆడవాళ్లూ ఉన్నారు. లోజెన్ పేరు చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. ఆమె చిరికాహువాల్లో చిహెన్నే వర్గానికి చెందింది, నాయకుడు విక్టోరియోకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. చేతులు చాచి, సృష్టికర్త ఊసెన్‌ను ప్రార్థిస్తూ మెల్లగా తిరిగేదట. శత్రువు ఉన్న దిక్కుకు వచ్చేసరికి అరచేతుల్లో జలదరింపు తెలిసేదట. ఆ శక్తిని నమ్మి మగవాళ్లు దారి మార్చుకునేవాళ్లు, సలహా సభలో ఆమెకు చోటిచ్చేవాళ్లు. చిన్నప్పుడు ఆ రోజులు కళ్లారా చూసిన జేమ్స్ కేవేక్లా ముసలితనంలో ఒక సంగతి చెప్పాడు. వెనక సైన్యం తరుముతోంది, ముందు రియో గ్రాండె పొంగుతోంది. ఆడవాళ్లు, పిల్లలు గట్టున ఆగిపోయారు. లోజెన్ రైఫిల్ తల మీదికెత్తి గుర్రాన్ని నీళ్లలోకి దింపింది. ఆ గుర్రం ఈదడం చూసి మిగిలినవాళ్లూ దిగారు. అందరూ ఒడ్డు చేరాక, ఇక నువ్వు చూసుకో అని ఆ పిల్లాడి అమ్మమ్మకు అప్పజెప్పి, తను మళ్లీ నది దాటి పోరాడేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ అమ్మమ్మ గురించి ఎవరూ కథలు రాయలేదు. చలిలో, తడిబట్టలతో ఉన్న గుంపును కొండల్లో దాచింది మాత్రం ఆమే.

1880 అక్టోబర్‌లో మెక్సికోలోని త్రెస్ కాస్తియోస్ దగ్గర విక్టోరియో చనిపోయినప్పుడు లోజెన్ అక్కడ లేదు. నిండు గర్భిణి ఒకామెకు కాన్పు చేసి, తల్లీబిడ్డను క్షేమంగా చేర్చే పనిలో ఉంది. తుపాకీ పట్టిన చేయీ పురుడు పోసిన చేయీ ఒకటే. తర్వాత జెరోనిమోతో కలిసింది. దాహ్‌తెస్తే అనే ఇంకో స్త్రీతో కలిసి సైన్యంతో సంప్రదింపులకు రాయబారిగా వెళ్లింది. 1886 సెప్టెంబర్‌లో లొంగిపోయాక అందరినీ రైలెక్కించారు. ఆమె అలబామాలో ఖైదీగా, క్షయతో చనిపోయింది.

ఇప్పుడు ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వేడుక గురించి. మన ఇళ్లలో ఏం చేస్తారో మీకు తెలుసు. మూల కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, ముట్టుకోకుండా చూసి, తర్వాత ఫంక్షన్. పశ్చిమ అపాచీల్లో దాని పేరు ‘నయీఈస్’. అక్కడ ఆ పిల్లను మూలన కూర్చోబెట్టరు, పరిగెత్తిస్తారు.

చాలా ముందుగానే ధర్మతల్లిని ఎంచుకుంటారు. ఆమె బంధువు కాకూడదు, మంచి పేరున్న మనిషి కావాలి. ఒప్పుకుంటే రెండు కుటుంబాలకూ జీవితాంతం చుట్టరికం. వేడుక నాలుగు రోజులు. పిల్ల నుదుటి మీద అబలోనీ అనే మెరిసే సముద్రపు చిప్ప, జడలో గద్ద ఈక, చేతిలో చిరుగంటలు కట్టిన కర్ర. నీళ్లు రెల్లు గొట్టంతోనే తాగాలి. దురద పెడితే గోటితో కాదు, చిన్న పుల్లతో గోక్కోవాలి. పొద్దు పొడవగానే జింక తోలు మీద సూర్యుడికి ఎదురుగా నిలబడి నాట్యం మొదలుపెడుతుంది, డప్పు ఆగేదాకా గంటల తరబడి. తర్వాత మోకాళ్ల మీద. తర్వాత బోర్లా పడుకుంటే ధర్మతల్లి ఒళ్లంతా రుద్ది సాగదీస్తుంది. ఆ సమయంలో పిల్ల ఒళ్లు మెత్తటి మట్టిలాంటిది, ఎలా మలిస్తే అలా వస్తుందని నమ్మకం. అప్పుడు కర్రను దూరంగా పాతుతారు. ఆమె పరిగెత్తి దాన్ని చుట్టి రావాలి, నాలుగుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త దూరం. బాల్యం, యవ్వనం, నడివయసు, వృద్ధాప్యం. వెనకాల జనమంతా పరిగెత్తుతారు. తర్వాత బుట్టెడు మిఠాయిలు, మొక్కజొన్నలు, చిల్లర నాణేలు ఆమె తల మీద పోస్తారు. పిల్లలు ఎగబడి ఏరుకుంటారు.

ఆ రోజుల్లో ఆ పిల్ల సాక్షాత్తు మూలతల్లి. తెగ పుట్టుకకు కారణమైన దేవత, ముసలిదై మళ్లీ పడుచుదయ్యే తల్లి. అందుకే వయసులో అమ్మమ్మ కంటే పెద్దవాళ్లు కూడా ఆమె ముందు వరుసలో నిలబడతారు. ఆమె పుప్పొడి చల్లి దీవిస్తుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. ఆ కర్రను పారేయరు. ముసలితనంలో ఊతకర్రగా పనికొస్తుందని దాచిపెడతారు.

1883 నుంచి అమెరికా ప్రభుత్వం ఇలాంటి ఆచారాలను నేరాల జాబితాలో పెట్టింది. మెస్కలేరోలు ఒక ఉపాయం చేశారు. జూలై 4 ప్రభుత్వ పండుగ కదా, ఆ రోజు గుమిగూడితే అధికారులు అడ్డు చెప్పరు. ఆడపిల్లల వేడుకను ఆ రోజులకు జరిపారు. ఇప్పటికీ ఊరంతా కలిసి చేసేది ఆ రోజుల్లోనే. ఖైదీలుగా వెళ్లిన చిరికాహువాలకు ఫ్లోరిడా, అలబామా, ఒక్లహోమా కలిపి 27 ఏళ్లు పట్టింది విడుదల కావడానికి. 1910లో ఒక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌లో ఒక ఆడపిల్ల పుట్టింది, పుట్టుకతోనే యుద్ధఖైదీ. ఆమె మిల్డ్రెడ్ క్లెగ్‌హార్న్. టీచరుగా పనిచేసింది, తెగల సంప్రదాయ దుస్తులతో బొమ్మలు కుట్టింది, 1976 నుంచి 1995 దాకా ఫోర్ట్ సిల్ అపాచీ తెగకు అధ్యక్షురాలిగా ఉంది.

చివరగా ఒక చోటు గురించి. ఆరిజోనాలో ఓక్ ఫ్లాట్ అని ఉంది, శాన్ కార్లోస్ అపాచీలకు పవిత్రమైన నేల. అక్కడ ఆడపిల్లల వేడుకలు జరుగుతాయి. కింద రాగి ఖనిజం ఉంది. 2014లో అమెరికా కాంగ్రెస్ ఆ భూమిని గని కంపెనీకి ఇచ్చేలా చట్టం చేసింది. తవ్వితే దాదాపు రెండు మైళ్ల వెడల్పున నేల కుంగిపోతుంది. అపాచీలు కోర్టుకెక్కారు. 2025 మేలో సుప్రీంకోర్టు వాళ్ల కేసు వినడానికి ఒప్పుకోలేదు. అక్కడ పాత ఓక్ చెట్లు ఉన్నాయి. వేసవి చివర్లో ఆడవాళ్లు వెళ్లి, చెట్ల కింద కాయలు ఏరుతారు. ఎండబెట్టి, రాతి మీద నూరి, పిండిని మాంసం పులుసులో కలుపుతారు. ఆడపిల్ల వేడుకలో వచ్చినవాళ్లందరికీ వడ్డించేది ఆ పులుసే.