అవతలి గొంతుకు రోడ్డు కనిపించదు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో లీలామహల్ కూడలి దగ్గర పొద్దున తొమ్మిది గంటల వేళ కాసేపు నిలబడితే, బండి నడుపుతూ ఫోనులో మాట్లాడేవాళ్ళు మూడు రకాలుగా కనిపిస్తారు. కొందరు మెడ వంచి, భుజానికీ చెవికీ నడుమ ఫోనును నొక్కిపట్టి వెళ్తుంటారు. కొందరు హెల్మెట్‌లోకి ఫోనును దూర్చి, చెంపకు బిగించుకుని మాట్లాడుతుంటారు. ఈ మధ్య మూడో రకం పెరిగింది. వీళ్ళ మెడ వంగదు, చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి, పెదవులు మాత్రం కదులుతుంటాయి. హెల్మెట్ ఎడమ పక్కన అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నల్లటి పరికరం ఒకటి అంటుకుని ఉంటుంది. అదే బ్లూటూత్ హెడ్‌సెట్. ఈ రోజు దాని గురించే మాట్లాడాలనుకుంటున్నాను. ఏడాదిన్నరగా నేనూ దాన్ని వాడుతున్నాను.

ముందు ఆ పరికరం సంగతి. హెల్మెట్ లోపల రెండు చెవుల దగ్గర రెండు పలుచని స్పీకర్లు, నోటి దగ్గర చిన్న మైకు, బయట బ్యాటరీ, మీటలు. ఫోను జేబులోనే ఉంటుంది. ఫోనుకూ హెల్మెట్‌కూ మధ్య తీగ ఉండదు. మీరు ఇప్పుడు వింటున్న ప్రసంగంలాగే ఆ మాట కూడా రేడియో తరంగాల మీదే వస్తుంది. కాకపోతే దాని ప్రయాణం జేబు నుంచి చెవి దాకానే. అది ఒకే దారిలో నిలకడగా ఉండకుండా, పక్క పరికరాల తరంగాలతో చిక్కుపడకుండా, సెకనుకు 1600 సార్లు దారి మార్చుకుంటూ వస్తుంది. ఇక బ్లూటూత్ అనే పేరు పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్ అనే రాజు మారుపేరు. నీలిపన్ను అని అర్థం. విడివిడిగా ఉన్నవాళ్ళను ఒక్కటి చేసిన రాజు కనుక, వేర్వేరు కంపెనీల పరికరాలను కలిపే ఈ పద్ధతికి ఆ పేరు పెట్టారు. మీటలు ఎడమ పక్కనే ఎందుకంటే, కుడి చెయ్యి యాక్సిలరేటర్‌ను వదలకూడదు కనుక.

నా ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. రెంటికీ మధ్య దాదాపు 70 కిలోమీటర్లు. వారానికి రెండు మూడు సార్లు బండి మీదే వెళ్ళివస్తాను. హెడ్‌సెట్ కొన్నది దారి చెప్పించుకోవడానికి. ఫోనులోని మ్యాప్ ఇప్పుడు తెలుగులోనే చెబుతుంది, కుడివైపు తిరగండి, ఎడమవైపు తిరగండి అని. ఫోను తెర వంక చూడాల్సిన పని తప్పింది. ఇది చిన్న మేలు కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లు తెర వంక చూస్తే, 33 మీటర్ల రోడ్డును కళ్ళు మూసుకుని దాటినట్టే. దారి చెప్పే గొంతు చెవిలో ఉంటే ఆ 33 మీటర్లూ మన చూపులోనే ఉంటాయి. అందుకే ఆ పరికరాన్ని పారేయమని నేను చెప్పను.

అయితే కిందటేడు జూన్‌లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మన జిల్లాలో జూన్, జూలై నెలలంటే మామిడి కాలం. తోతాపురి కాయలు నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే ట్రాక్టర్లతో రోడ్లు నిండిపోతాయి. చీకటి పడుతుండగా చిత్తూరు నుంచి వస్తున్నాను. మా అక్క ఫోను చేసింది. వాళ్ళమ్మాయి పెళ్ళికి కల్యాణమండపం చూడమని నాకు అప్పగించారు. మీట నొక్కి మాట్లాడాను. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. అక్క అడిగింది: "భోజనాల హాలుకు ఎన్ని గుమ్మాలున్నాయి తమ్ముడూ? వడ్డించేవాళ్ళు రావడానికి వేరే దారి ఉందా?"

నేను గుమ్మాలు లెక్కపెడుతున్నాను. అంతే. మనసులో ఆ హాలు, వంటశాల వైపు తలుపు, చేతులు కడుక్కునే చోటు, ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి ముక్కుకు మామిడి సొన వాసన కొట్టింది. అప్పుడు కనిపించింది ట్రాక్టరు. వెనక దీపం లేదు. నా ముందు చక్రానికీ దాని తొట్టికీ మధ్య రెండు మూడు బారలు. రెండు బ్రేకులూ బిగించాను. బండి వెనక భాగం పక్కకు జారింది, నిలబడింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. అసలు ట్రాక్టరు నడుపుతున్న పెద్దాయనకు వెనక ఏం జరిగిందో కూడా తెలియదు. చెవిలో అక్క అడుగుతూనే ఉంది: "మాట్లాడవేం? వింటున్నావా?"

ట్రాక్టరు నా కళ్ళకు కనిపించలేదని చెప్పలేను. దీపం లేదన్న మాట నిజమే గానీ, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. అది కళ్ళ ముందే ఉంది. మనసే అక్కడ లేదు. దీనికి మన పెద్దవాళ్ళు ఏనాడో పేరు పెట్టారు, పరధ్యానం అని. ధ్యానం ఉంది, కానీ వేరే దాని మీద ఉంది. కల్యాణమండపం గుమ్మాల మీద ఉంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ విషయాన్ని చాలా ఏళ్ళు పరిశీలించారు. 2006లో వెలువడిన వారి పరిశోధన పత్రం ఒకటి ప్రసిద్ధమైంది. కారు నడిపే అనుభూతినిచ్చే యంత్రం ముందు మనుషులను కూర్చోబెట్టి, ఫోను చేత్తో పట్టుకుని మాట్లాడించారు, చేత్తో పట్టుకోకుండానూ మాట్లాడించారు. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు సందర్భాల్లోనూ ముందున్న కారు వేగం తగ్గినప్పుడు బ్రేకు వేయడం ఆలస్యమైంది. అంటే చిక్కు చేతిలో లేదు, సంభాషణలో ఉంది. అది కార్ల మీద చేసిన ప్రయోగం. రెండు చక్రాల మీద తూకం కూడా మనమే నిలుపుకోవాలి కనుక, మనకు అది ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా నమ్మకం.

మరి వెనక కూర్చున్నవారితో మాట్లాడమా అని మీరు అడగవచ్చు. మాట్లాడతాం. నా భార్య హెల్మెట్‌కూ ఇలాంటిదే పెట్టించాను. ఇంటర్‌కామ్ అంటారు. గాలిలో అరుచుకోవలసిన పని లేకుండా నెమ్మదిగా చెబితే వినిపిస్తుంది. కానీ తేడా చూడండి. ఎదురుగా లారీ రాగానే ఆమె మాట దానంతటదే ఆగిపోతుంది. మలుపు దాటాక మళ్ళీ మొదలవుతుంది. గేదె అడ్డం వస్తే నాకంటే ముందు ఆమే హెచ్చరిస్తుంది. ఎందుకంటే ఆమెకూ అదే రోడ్డు కనిపిస్తోంది. ఫోనులో అవతల ఉన్న మనిషి, ఎంత ప్రేమగలవారైనా, వంటింట్లోనో ఆఫీసులోనో కూర్చుని ఉంటారు. వారి గొంతుకు రోడ్డు కనిపించదు. మన మౌనానికి కారణం వారికి తెలియదు, అందుకే ఇంకా గట్టిగా అడుగుతారు.

చట్టం గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ బండి నడుపుతూ చేత్తో పట్టుకున్న ఫోను వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్కిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే జరిమానా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయలు, జైలుకూ అవకాశం ఉంది. హెల్మెట్ లోపలి పరికరం చేతిలో ఉండదు నిజమే. కానీ దీపం లేని ట్రాక్టరుకు సెక్షన్లు తెలియవు కదా.

పాటల సంగతికి వస్తాను. నాకు పాటలంటే ప్రాణం. అయినా ఒక లెక్క తెలిశాక జాగ్రత్త పడ్డాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటి 100కు చేరువవుతుంది. అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంట, 100 దగ్గర పావుగంట. ఆ హోరును మించి పాట వినిపించాలంటే శబ్దాన్ని ఇంకా పెంచాలి. చెవి దెబ్బతినేది అక్కడే. పైగా ఆ నష్టం నొప్పి లేకుండా జరుగుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. నేను చేసేదేమిటంటే వేగం తగ్గిస్తాను. 60లో వెళ్తే హోరు తగ్గుతుంది, పాట సన్నగా ఉన్నా చాలు. చంద్రగిరి దాటాక రోడ్డు తెరిపిగా ఉన్నచోట మాత్రమే వింటాను. ఊళ్ళోకి రాగానే ఆపేస్తాను.

ఘాట్ రోడ్డులో మాత్రం పాటా వద్దు, మాటా వద్దు. దయచేసి ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. అలిపిరి దాటి తిరుమలకు ఎక్కే దారి 1974 నాటిది, దిగే దారి 1944 నాటిది. దిగే దారి మలుపుల్లో కొండ అడ్డం వచ్చి అవతల ఏముందో కనిపించదు. అక్కడ చూపు కంటే ముందు చెవి పనిచేస్తుంది. వెనక బస్సు హారన్, పక్కన నడిచి వెళ్ళే భక్తుల గోవింద నామం, చెట్ల మీద కోతుల అలికిడి, అన్నిటికీ మించి మన ఇంజను చప్పుడు. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచాలి. ఆ ధ్వని మారగానే చెయ్యి తెలుసుకుంటుంది. పాటలో మునిగిన చెవికి ఆ మార్పు అందదు. దిగేవాడు బ్రేకు మీదే ఆధారపడతాడు, బ్రేకు వేడెక్కుతుంది, పట్టు సడలుతుంది.

కొనాలనుకునేవారికి రెండు మూడు మాటలు. స్పీకర్లు పట్టడానికి హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ను చెక్కవద్దు. తల నేలకు తగిలితే ఆ దెబ్బను తనలోకి తీసుకునేది ఆ థర్మోకోలే. చెవుల దగ్గర ముందే గుంటలున్న ఐఎస్ఐ గుర్తు హెల్మెట్లు దొరుకుతాయి, అవి చూసుకోండి. పాట సరిగ్గా వినిపించడం లేదంటే చాలాసార్లు తప్పు స్పీకరుది కాదు, అది చెవికి ఎదురుగా లేకపోవడమే. ఒక అంగుళం జరిపి చూడండి. ఇక మన ఎండల్లో హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి గంటల తరబడి వదిలేయవద్దు, లిథియం బ్యాటరీకి వేడి పడదు. వెనక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా చట్టం తప్పనిసరి చేసింది.

ఇంటింటికీ భోజనం, సరుకులు చేరవేసే కుర్రవాళ్ళ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. వాళ్ళకు ఫోను సరదా కాదు, అన్నం. "ఎక్కడిదాకా వచ్చావు?" అని మనం అడిగే ప్రతిసారీ ఆ అబ్బాయి రోడ్డు మీదే ఉంటాడు. చిరునామాలో ఇంటి గుర్తు స్పష్టంగా రాసిపెడితే సగం ఫోన్లు తగ్గుతాయి. కొంచెం ఆలస్యమైతే ఓపిక పట్టండి. ఇంట్లో అన్నం వేడిచేసుకోవచ్చు.

నేను ఇప్పుడు బండి ఎక్కే ముందే, కాల్ రాగానే దానంతటదే ఒక సందేశం వెళ్ళేలా ఫోనులో పెట్టుకుంటున్నాను: "బండి మీద ఉన్నాను, ఆపి చేస్తాను." మా అక్కకు మొదట్లో కష్టంగా తోచింది. ఇప్పుడు ఎప్పుడు ఫోను చేసినా ఆమె మొదటి మాట "బండి మీదున్నావా తమ్ముడూ?" అనే. అవునంటే వెంటనే పెట్టేస్తుంది.

ఆ జూన్ సాయంత్రం ట్రాక్టరును ముందుకు పోనిచ్చి, రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర బండి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని సగం తాగాక అక్కకు ఫోను చేశాను. భోజనాల హాలుకు రెండు గుమ్మాలే ఉన్నాయని, వడ్డించేవాళ్ళకు వంటశాల వైపు నుంచి వేరే దారి ఉందని చెప్పాను.

నమస్కారం.