జెండా చిరిగాక ఎవరిది?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు. మూడోసారి నేను చదవను, వాళ్లు కూడా ఏమీ అనుకోరు.

నాకిచ్చిన అంశం 'జెండాలు, బ్యానర్లు తయారుచేసేవారికి సమాజంతో ఉన్న సంబంధం'. ఈ అంశం మీద ఎప్పుడూ వినిపించే మాటలు మనకు తెలుసు. ఫలానా ఉత్సవానికి జెండాలు ఉచితంగా ఇచ్చారు, ఫలానా సంఘానికి బ్యానర్ విరాళంగా ఇచ్చారు, ఫొటో దిగారు. మంచిదే, ఇవ్వనివ్వండి. అయితే జెండా ఎక్కించే రోజున చప్పట్లు కొట్టడానికి అందరూ వస్తారు. అదే జెండా అంచు చిరిగి కుచ్చులుగా వేలాడే రోజున దాని వంక చూసేవాడుండడు. అమ్మినవాడు 'అమ్మేశాను కదా' అంటాడు, కొన్నవాడు 'ఎగురుతోంది కదా' అంటాడు. నేను మాట్లాడదలచింది ఆ రెండో రోజు గురించే.

జెండా ముందు ఎక్కడ చిరుగుతుంది? కర్రవైపు కాదు, ఎగిరే అంచు దగ్గర. కర్రవైపు గుడ్డ తాడుకు బిగిసి ఉంటుంది, దానికి కదలిక తక్కువ. గాలికి గుడ్డలో పుట్టిన అల బయటికి పోయేకొద్దీ పెద్దదై కొసకు చేరేసరికి కొరడా అవుతుంది. పటపటమని మనకు వినిపించే చప్పుడు ఆ కొసదే. చప్పుడైన ప్రతిసారీ అక్కడి దారం మీద దెబ్బ పడుతుంది. మొదట బయటి మూలల్లో కుట్టు తెగుతుంది, తర్వాత మడత విప్పుకుంటుంది, ఆపైన పోగులు ఊడిపోతాయి. కుట్టు తెగిన దశలో చూస్తే పావుగంట పని. పోగులు ఊడేదాకా వదిలేస్తే గుడ్డే తరిగిపోతుంది.

అందుకే ఎగిరే అంచును రెండు మడతలు వేసి, తెగిన కొస లోపలికి పోయేలా మూసి, నాలుగు వరుసల కుట్టు వేయాలి. పై అంచుకీ కింది అంచుకీ రెండేసి వరుసలు చాలు. అంగుళానికి 8 నుంచి 10 కుట్లు పడాలి. గట్టిగా ఉంటుందని 15, 16 వేసేవాళ్లున్నారు. అది గట్టి కాదండీ, చిల్లుల వరస. తపాలా బిళ్లల మధ్య చింపుకోవడానికి పొడిచి ఉంటుందే, సరిగ్గా అదే! గాలి ఆ గీత వెంటే చింపుకుంటూ పోతుంది. దారం పాలియెస్టర్‌దై ఉండాలి. నూలు దారం వానకు నాని కుళ్లుతుంది, నైలాన్ దారం ఎండకు పెళుసెక్కుతుంది. నాలుగు వరుసలు వేసి దారం నూలుది వాడితే ఆ కష్టమంతా దండగ. బయటి మూలలు రెండింటికీ లోపలి నుంచి త్రికోణపు ముక్క ఒకటి వేసి, అడ్డంగా జిగ్‌జాగ్ కుట్టాలి.

గుడ్డ సంగతి క్లుప్తంగా చెబుతాను. నైలాన్ తేలిక, చిన్న గాలికే లేస్తుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. మందపు పాలియెస్టర్ బరువు, చిన్న గాలికి కదలదు, పెనుగాలికి మాత్రం నిలబడుతుంది. నూలు చూడ్డానికి బాగుంటుంది, వానలో బరువెక్కి కర్రకు అతుక్కుపోతుంది. గాలి తక్కువ ఉన్న చోట మందపు పాలియెస్టర్ అంటగట్టినా, గాలి హోరెత్తే చోట నైలాన్ ఇచ్చినా తప్పు తయారీదారుదే. కర్ర ఎక్కడ పాతారు, ఎంత ఎత్తు, పక్కన గోడ గానీ చెట్టుకొమ్మ గానీ ఉందా అని అడగకుండా గుడ్డ కత్తిరించకూడదు. జెండా పొడవు స్తంభం ఎత్తులో నాలుగో వంతు ఉంటే సరిపోతుంది. గోడకు రాసుకునే జెండాకు నాలుగు వరుసలు కాదు, పది వరుసలు వేసినా నిలవదు.

మూడు భాగాలుగా మాట్లాడదామని రాసుకొచ్చాను. మొదటి భాగమే సగం సమయం తినేసేలా ఉంది. సరే, కానీయండి.

బాగుచేయడం గురించి. 180 సెంటీమీటర్ల పొడవు, 120 వెడల్పు ఉన్న జెండా ఒకటి అనుకోండి. ఎగిరే అంచు పాడైంది. చిరిగినంత మేరా, పాత మడతతో సహా, ఒక 3 సెంటీమీటర్లు సూటిగా కత్తిరించేస్తాం. కొత్త మడతకు రెండు సెంటీమీటర్ల చొప్పున రెండుసార్లు, అంటే 4 పోతుంది. మిగిలేది 173. అడ్డచారలు మాత్రమే ఉన్న జెండాకైతే ఈ తేడా ఎవరికీ తెలియదు, ఇంకోసారి కూడా చేయవచ్చు. కానీ మధ్యలో గుర్తు ఉంటే? గుర్తు కర్రవైపు నుంచి 90 దగ్గర ఉంది. కొత్త మధ్యగీత ఎనభై ఆరున్నరకు వచ్చింది. గుర్తు మూడున్నర సెంటీమీటర్లు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. రెండోసారి కత్తిరిస్తే ఏడు. అది ఎవరి కంటికైనా ఆనుతుంది. కాబట్టి మధ్యలో గుర్తున్న సంఘం జెండాను ఒక్కసారికి మించి కురచ చేయకూడదు. ముందుగానే తెలిసి కుట్టేవాళ్లు ఏం చేయవచ్చంటే, ఎగిరే అంచు దగ్గర అదే రంగు గుడ్డతో విడిగా ఒక పట్టీ వేసి అతుకుతారు. పాడైతే పట్టీ ఒక్కటే మారుతుంది, కొలత చెడదు. ఇలా కుట్టి ఇమ్మని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. అడగండి.

మన జాతీయ జెండాకు ఈ లెక్క వర్తించదు. దాని పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. మధ్యలో 24 ఆకుల చక్రం. అంచు కత్తిరిస్తే నిష్పత్తీ పోతుంది, చక్రమూ పక్కకు పోతుంది. 2002 పతాక నియమావళి ప్రకారం చిరిగిన జెండాను ఎగరేయకూడదు, పాడైనదాన్ని పూర్తిగా, ఏకాంతంగా, గౌరవం తగ్గకుండా, వీలైతే దహనం చేసి ముగించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 2021 డిసెంబరు 30 సవరణతో పాలియెస్టర్ గుడ్డకూ, యంత్రం మీద తయారైనవాటికీ అనుమతి వచ్చింది. ఖాదీ కాలితే బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి మండుతున్న చుక్కలుగా కారుతుంది, ఘాటైన పొగ వస్తుంది. ఇంటి పెరట్లో, పిల్లల చేత చేయించే పని కాదది. జెండా అమ్మే ప్రతిచోటా పాతవి తిరిగి తీసుకునే పెట్టె ఒకటి ఉంటే ఈ గొడవే ఉండదు. ఒక పెట్టె! దానికి ఖర్చెంత? జెండాలు వేలల్లో కుట్టగలిగినవాళ్లకు ఆ ఒక్క పెట్టె ఎందుకు బరువవుతోందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఒక పెద్ద జెండా సంగతి. 1813లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మేరీ పికర్స్‌గిల్ అనే జెండాలు కుట్టే ఆవిడకు మెక్‌హెన్రీ కోట కోసం ఒక పని వచ్చింది. 30 అడుగులు, 42 అడుగులు. చార ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు, అలాంటివి 15. నక్షత్రాలు 15. ఇల్లు చాలక దగ్గర్లోని బీరు తయారీశాల నేల మీద గుడ్డ పరచుకుని కుట్టారు. కూతురు కూర్చుంది, మేనకోడళ్లు కూర్చున్నారు, ఒప్పందం మీద ఆ ఇంట్లో పనిచేస్తున్న గ్రేస్ విషర్ అనే నల్లజాతి అమ్మాయి కూడా కూర్చుంది. మరుసటి ఏడాది యుద్ధంలో ఆ జెండా ఎగిరింది, దాన్ని చూసి ఒకాయన పాట రాశాడు, అది ఆ దేశపు జాతీయగీతమైంది. ఇదంతా అందరూ చెప్పేదే.

ఎవరూ చెప్పని భాగం తర్వాతిది. కోట అధికారి కుటుంబం దగ్గర ఆ జెండా ఉండిపోయింది. అడిగినవాళ్లకు జ్ఞాపకంగా ముక్కలు కత్తిరించి ఇస్తూ పోయారు. ఒక నక్షత్రం కూడా పోయింది. 42 అడుగుల పొడవు కాస్తా ఇప్పుడు 34. చూడండి, ఎగిరే అంచును గాలి ఒక్కటే తినదు, అభిమానం కూడా తింటుంది. 1914లో దాన్ని కాపాడటానికి అమీలియా ఫౌలర్ అనే ఆవిడ, ఆవిడతో కొందరు కుట్టుపని స్త్రీలు కూర్చున్నారు. నారగుడ్డ వెనక వేసి, వల అల్లినట్టు సుమారు 17 లక్షల కుట్లు వేశారు. పదిహేడు లక్షలు! ఆ కుట్ల మీదే అది దశాబ్దాల పాటు మ్యూజియంలో వేలాడింది. మొదట కుట్టినామె పేరు పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. బాగుచేసినామె పేరు ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది విన్నారు? చేతులెత్తమని అడగను లెండి.

ఆ 17 లక్షల కుట్లను తర్వాతి తరం నిపుణులు ఒక్కొక్కటే కత్తిరించి తీసేయాల్సి వచ్చిందనేది కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. అలసిన గుడ్డను బిగించి కుడితే కుట్టున్న చోటే కొత్తగా లాగుతుంది. మామూలు జెండాకూ ఇదే సూత్రం. ఎండకు చీకిపోయిన గుడ్డకు కొత్త దారంతో నాలుగు వరుసలు వేస్తే అతుకు పక్కనే చిరుగుతుంది. బాగుచేయడానికి ముందు గుడ్డను రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. పోగులు విడిపోతున్నా, వేలికి రంగుపొడి అంటుకున్నా ఆ జెండా పని అయిపోయినట్టే, దాన్ని పెట్టెలో వేయాలి. పెట్టె ఉంటే.

బ్యానర్ల దగ్గరికి వద్దాం. వెనక వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కసారి నా వెనకున్న బ్యానర్ చూడండి. మూడో వరుస చదవగలుగుతున్నారా? లేదు కదా. నాకు తెలుసు. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం, ఇదీ లెక్క. 30 మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం 25 సెంటీమీటర్లుండాలి. ఈ లెక్క ఇంగ్లిషు పెద్ద అక్షరాలకు కట్టింది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు ఉంటాయి. తెలుగులో 25 సెంటీమీటర్లంటే అక్షరం ఒంటికి లెక్కే గానీ ఒత్తుతో కలిపి కాదు. ఒత్తును కూడా కలిపి కొలిస్తే అసలు అక్షరం సగానికి పడిపోతుంది. వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుచ్చుతుంది.

ఇంకొకటి, ఫాంటు. అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కూర్చిన మాటను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చెత్త వస్తుంది. ఏ కంప్యూటర్‌కైనా అర్థమయ్యే యూనికోడ్‌లో పంపినా పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అచ్చుకు పంపేముందు అక్షరాలను గీతలుగా, అంటే బొమ్మగా, మార్చేయాలి. మార్చాక చదవాలి, ముందు కాదు! కంప్యూటర్ ముందున్న కుర్రాడికి ఆ పేర్లు తెలియవు. ఆ సంఘం మనిషి ఒకరు పక్కన కూర్చుని ఒక్కో ఒత్తూ చూసి సరే అనాలి. సంతాప బ్యానర్ మీద పోయిన మనిషి పేరే తప్పుగా పడితే, దాన్ని ఉచితంగా ఇచ్చామని చెప్పుకోవడం ఎంత బాగుంటుందో మీరే ఊహించుకోండి.

రోడ్డుకు అడ్డంగా కట్టే బ్యానర్ గురించి చెప్పకుండా దిగిపోతే తప్పు చేసినవాణ్నవుతాను. మూడు మీటర్ల పొడవు, ఒక మీటరు ఎత్తున్న బ్యానర్ మీద గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే పడే ఒత్తిడి 50 కిలోల బరువుకు తగ్గదు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఇత్తడి రింగులు 50 సెంటీమీటర్లకొకటి చొప్పున, అంచు మడతలో నైలాన్ పట్టీ కుట్టి, దానిమీదే కొట్టాలి. ఉత్త ఫ్లెక్సీ మీద కొడితే రింగు ముక్కతో సహా ఊడి చేతికొస్తుంది. ఇనుప రింగులైతే తుప్పు కారి అక్షరాల మీదికి దిగుతుంది. గాలి పోవడానికని బ్లేడుతో అర్ధచంద్రాకారంగా కోతలు పెడుతుంటారు. వాటివల్ల తగ్గే ఒత్తిడి స్వల్పం, చిరగడం మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. గాలి ఎక్కువైన చోట వలలా ఉండే మెష్ గుడ్డ వాడండి. కింది రింగులకు సాగే తాడు కట్టండి, గాలికి కాస్త లొంగుతుంది. గట్టిగా బిగించిన బ్యానర్ తెగితే పోయేది బ్యానర్ ఒక్కటే కాదు, కింద బండి మీద పోయేవాడు కూడా.

చీటీ వచ్చింది, సమయం అయిందని. మూడో భాగం, వాలంటీర్ల చేత కుట్టించడం గురించి, వదిలేస్తున్నాను. ఒక్క ముక్క: దారాలు కత్తిరించడం, రింగులు కొట్టడం, తోరణాలకు త్రికోణాలు కత్తిరించడం ఎవరికైనా ఇవ్వొచ్చు. ఎగిరే అంచు మాత్రం కొత్తవాళ్లకు ఇవ్వకండి.

ఈ పక్కగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టించాను, సాయంత్రం దాకా ఉంటాయి. మీ సంఘాల జెండాలేవైనా ఉంటే దించి తీసుకురండి. ఉతికి, పూర్తిగా ఆరాక తెండి. మట్టి ఉన్న గుడ్డ సూదిని మొద్దుబారుస్తుంది, తడి గుడ్డ ఆరాక ముడుచుకుని అంచు వంకర పోతుంది. తాడు విప్పి, కర్రవైపు పై మూలకు ఒక పిన్ను పెట్టండి, తిరిగి ఎక్కించేటప్పుడు తలకిందులు కాకుండా. ఈ హాలు గేటు దగ్గరున్న జెండాను కూడా ఎవరైనా దించండి, కింది మూలలో మడత అప్పుడే విప్పుకుంది.