ఏకాంత ఖైదుతో నేరాలు తగ్గుతాయా? – స్టూడియో చర్చ

(చర్చ మొదటి భాగం నుంచి)

యాంకర్: ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఏకాంత నిర్బంధాన్ని 11, 12 సెక్షన్లలో అలాగే ఉంచేశారని గొడవ. ఒక విడతకు 14 రోజులు, మొత్తం మూడు నెలలు దాటకూడదు. నా ప్రశ్న ఒక్కటే. భయం లేకుండా నేరం తగ్గుతుందా?

చరిత్ర అధ్యాపకురాలు: లండన్‌లో పెంటన్‌విల్ జైలు 1842లో తెరిచారు. 520 గదులు, గదికి ఒక్కడే ఖైదీ. ఒక్కోటి 13 అడుగుల పొడవు, 7 వెడల్పు, 9 ఎత్తు. గది దాటితే మొహానికి ముసుగు టోపీ. ప్రార్థనలోనూ పక్కవాడు కనపడకుండా విడివిడి చెక్క అరలు...

మాజీ జైలు అధికారి: ఆగండి మేడమ్. అంతకుముందు సంగతి? పిల్లలు, గజదొంగలు, విచారణ ఖైదీలు అందరూ ఒకే కొట్టంలో. టైఫస్ అనే జైలు జ్వరంతో చచ్చేవాళ్ళు. నిర్దోషి అని తేలినా జైలరుకు రుసుము కట్టలేక లోపలే. జైళ్ళ సంస్కర్త జాన్ హోవర్డ్ ఇదంతా 1777లోనే రాశాడు. విడి గది సంస్కరణే!

అధ్యాపకురాలు: కాదనలేదండీ, కానీ...

అధికారి: సంస్కరణే అంటున్నా!

యాంకర్: భయం సంగతి చెప్పండి.

న్యాయవాది: ఇంగ్లండ్‌లో జేబు కొడితే ఉరి అన్న చట్టం 1808 దాకా ఉంది. జేబుదొంగలు తగ్గారా? పెంటన్‌విల్‌లో మొదట 18 నెలలు ఒంటరిగా ఉంచారు. మతి చలించడం చూశాక 12కి, తర్వాత 9కి దించారు.

అధికారి: తప్పు గడువుది, గదిది కాదు. మోతాదు మించితే మందును తిడతామా?

అధ్యాపకురాలు: బర్మింగ్‌హామ్ జైలు చూడండి, 1853. ఎడ్వర్డ్ ఆండ్రూస్, 15 ఏళ్ళవాడు, మాంసం దొంగిలించాడు. గదిలో క్రాంక్ మర, అంటే శిక్షగా చేత్తో పిడి పట్టి తిప్పే యంత్రం. రోజుకు 10,000 చుట్లు: పొద్దున తిండికి ముందు 2,000, మధ్యాహ్నం లోపు 4,000, రాత్రి లోపు 4,000. తిప్పలేకపోతే రొట్టె, నీళ్ళే. ఆ తిండితో మర్నాడు ఇంకా తక్కువ తిప్పుతాడు, మళ్ళీ శిక్ష. పైగా మర అమరిక సరిగా లేక, లెక్కలో రాసిన బరువుకన్నా ఎక్కువ లాగాల్సొచ్చేది. ఉరేసుకున్నాడు.

అధికారి: అది ఆ జైలు అధిపతి, గవర్నర్ ఆస్టిన్ దుర్మార్గం! వాడికీ జైలు పడింది కదా!

న్యాయవాది: ఒక్కడి దుర్మార్గమైతే 1865 జైళ్ళ చట్టంలో క్రాంక్‌ను కఠిన శ్రమగా బ్రిటన్ పార్లమెంటే ఎందుకు రాసింది? 1898 దాకా...

యాంకర్: అంటే భయం కోసమే కదా! లండన్ పోలీసులు కూడా ఆ కాలంలోనే వచ్చారుగా?

అధికారి: 1829, అప్పటి హోంమంత్రి రాబర్ట్ పీల్! ఎర్రకోటు సైన్యంలా కనపడకూడదని నీలం యూనిఫారం. చేతిలో చిన్న లాఠీ, సాయం పిలవడానికి తిప్పితే గట్టిగా మోగే చెక్క గిలక...

న్యాయవాది: క్రాంక్‌కు జవాబు రాలేదు!

(ముగ్గురూ ఒకేసారి)

అధికారి: చెప్పేశా! గది తప్పు కాదు!

యాంకర్: భయం అవసరమేనని ఈ భాగంలో తేలింది...

అధ్యాపకురాలు: ఎవరు తేల్చారండీ?

యాంకర్: చిన్న విరామం. సార్, మీరు ఆపిన గిలక దగ్గర్నుంచే మొదలుపెడదాం.