రాజుగారి మొహం కాదు, అంచు చూడండి

అందరికీ నమస్కారం. నా జేబులో రెండు వెండి నాణేలున్నాయి. రెండింటి మీదా 1806 అనే ఉంది, రెండింటి మీదా తలకి ఆకుల దండ చుట్టుకున్న స్పెయిన్ రాజు నాలుగో చార్లెసే కుడివైపుకి చూస్తున్నాడు. ఒకటి మెక్సికో సిటీ టంకశాలలో పుట్టింది, రెండోది ఎక్కడ పుట్టిందో దాన్ని పుట్టించినవాడికే తెలియాలి. డబ్బు మాత్రం నేను రెండోదానికే ఎక్కువ పోశాను. అమ్మినాయన తెలిసే అమ్మాడని నేననుకోను, తప్పు నాదే, ఎందుకంటే ఆ రోజు నేను అరగంట సేపు రాజుగారి మొహం చూస్తూ కూర్చున్నాను. నకిలీ చేసేవాడు తన పనితనమంతా చూపించేది కూడా ఆ మొహం మీదే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. ఇది 8 రియళ్ల నాణెం, లోకం స్పానిష్ డాలర్ అని పిలిచింది దీన్నే. మెక్సికో, లిమా, ఇప్పుడు బొలీవియాలో ఉన్న పొటోసి, ఇలా అమెరికా ఖండాల్లోని స్పెయిన్ టంకశాలల్లో దీన్ని అచ్చు వేశారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1857 దాకా చట్టప్రకారం చెల్లింది. మనకీ కొత్తది కాదు. 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు కంపెనీల వాళ్ళు మన నేతబట్టలు, అద్దకం బట్టలు కొనడానికి కోరమండల్ తీరానికి తెచ్చిన వెండిలో ఈ రియళ్లు ఉండేవి, మచిలీపట్నం రేవు ఆ వ్యాపారానికి పెద్ద దిక్కు. అప్పటివి గుండ్రంగా ఉండేవి కావు, వెండి కడ్డీ నుంచి ముక్క కోసి సుత్తితో ముద్ర కొట్టిన అడ్డదిడ్డం బిళ్లలు. వాటి సంగతి ఈ రోజు ఎత్తుకోను, తెల్లారిపోతుంది. యంత్రం మీద గుండ్రంగా కొట్టిన వాటిలో రాజు బొమ్మ ఉన్నవి 1772 నుంచి వచ్చాయి, నా దగ్గరున్నవి ఆ రకం.

ముందు బరువు. టంకశాల లెక్క 27.07 గ్రాములు, అంటే రెండుంబావు తులాల పైచిలుకు. చేతులు మారి అరిగాక 26.5, 26.8 ఇలా ఉంటాయి. 22, 23 గ్రాములే తూగితే ఇంక మాట్లాడేదేమీ లేదు. నా నకిలీ ఎంత తూగిందో తెలుసా, 26.7! కాటా మీద ఆ అంకె చూసి నేను టీ పెట్టుకుని సంబరం కూడా చేసుకున్నాను. మళ్ళీ చేతిలోకి తీసుకుంటే కాస్త మందంగా అనిపించింది, అక్కడ అనుమానం మొదలైంది.

అప్పుడు నీళ్ల పరీక్ష చేశాను. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా చేత్తో పట్టుకోండి, కాటా చూపించే అంకెతో నాణెం బరువుని భాగించండి, అంతే. అసలుది 26.8 గ్రాములు, కాటా మీద 2.6 వచ్చింది, భాగిస్తే 10.3. ఈ వెండికి రావాల్సింది అంతే. నకిలీకి 3.0 వచ్చింది, భాగిస్తే 8.9. అది రాగి, నికెల్ లెక్క. తక్కువ సాంద్రత ఉన్న లోహంతో బరువు సరిపెట్టాలంటే మందం పెంచక తప్పదు, నా వేళ్లకి తగిలింది అదే. నాణేనికి గీత కూడా పడని పరీక్ష ఇది. గీటురాయి, యాసిడ్ జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి, అసలుదని తేలినా దాని విలువ అక్కడే సగం పోతుంది. అయస్కాంతం అతుక్కుంటే నకిలీయే, అతుక్కోకపోతే ఏమీ తేలనట్టే.

ఇక అంచు. ఈ రకం నాణేల అంచు మీద ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం, మళ్ళీ సున్నా, మళ్ళీ దీర్ఘచతురస్రం, ఇలా చుట్టూ ఉంటాయి. నాణేనికి ముద్ర కొట్టకముందే ఆ నగిషీ వేసేవారు. రెండు ఉక్కు పట్టీలు, ఒకటి కదలదు, ఇంకోటి కదులుతుంది, మధ్యలో బిళ్లని పెట్టి చపాతీకి ఉండ చేసినట్టు దొర్లిస్తారు. ఒక్కో పట్టీ సగం చుట్టుకి నగిషీ వేస్తుంది. రెండు సగాలూ కలిసేచోట లెక్క సరిగ్గా కుదరదు, సున్నా మీద చతురస్రం ఎక్కి కూర్చుంటుంది. ఆ అతుకులు రెండు, ఒకదానికి ఒకటి ఎదురెదురుగా ఉంటాయి. భూతద్దం పెట్టి అంచు చుట్టూ తిప్పి ఆ రెండు చోట్లూ వెతకండి. నా నకిలీకి అంచు ఎంత అందంగా ఉందంటే, ఎక్కడా ఒక్క సున్నా కూడా తడబడలేదు. పోత పోసినవైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, దాన్ని ఆకురాయితో రుద్దిన జాడ కనిపిస్తాయి.

అక్షరాలు చూడటం కూడా నేర్చుకోవాలి. ఎం అక్షరం మీద చిన్న సున్నా ఉంటే మెక్సికో టంకశాల. అక్కడే వెండి వన్నెకి పూచీపడ్డ పరీక్షకుల పొడి అక్షరాలుంటాయి, 1806 మెక్సికోకి టి.హెచ్. రావాలి, ఎఫ్.ఎం. ఉంటే అక్షరాలు ఒక ఏడాదివి, తేదీ ఇంకో ఏడాదిది అన్నమాట. అలాగని వింతగా ఉన్నదల్లా నకిలీ అనేయకండి. మెక్సికోలో 1772, 1773లో కొన్నింటి మీద ఆ అక్షరాలు తలకిందులుగా ఉంటాయి, అవి అసలువే. మూడో చార్లెస్ 1788 డిసెంబరులో పోయాడు, కొత్త రాజు అచ్చులు సముద్రం దాటి రావాలి కదా, అందాకా కొడుకు పేరు వేసి తండ్రి బొమ్మతోనే నడిపించారు. 1808లో ఏడో ఫెర్డినాండ్ గద్దెనెక్కి నెపోలియన్ చేతిలో చిక్కాడు, రాజెలా ఉంటాడో తెలియక మెక్సికో వాళ్ళు కవచం తొడిగి ఒక మొహం ఊహించి చెక్కేసి 1811 దాకా లాగించారు!

నగల షాపులో క్యారెట్ మీటర్ మీద పెట్టించుకుంటానంటారు కొందరు. పెట్టించండి, కానీ అది పైపొరనే చదువుతుంది, వెండి పూత ఉంటే పూతకే మార్కులేస్తుంది. పైగా ఎంత రావాలో ముందు తెలియాలి. 1728లో వన్నె 91.6 శాతానికి దించారు, 1772లో గుట్టుగా 90.3కి, 1786లో ఇంకా గుట్టుగా 89.6కి దించారు. రాజుగారే కల్తీ చేశారన్నమాట. కాబట్టి 90 దగ్గర వస్తే కంగారు వద్దు, 99.9 వస్తే కంగారు పడండి. ఆ కాలపు వెండిలో పూర్తిగా తీయలేని బంగారం కాస్త మిగిలిపోయేది, ఆ చుక్క కనిపిస్తే ఇంకా మంచిది.

చైనా వెళ్ళొచ్చిన నాణేల మీద చిన్న చిన్న ముద్రలు గుచ్చి ఉంటాయి. కాంటన్‌లో వెండి పరీక్షించేవాళ్ళు తాము చూశామని వేసిన గుర్తులవి. వాళ్ళని ఇంగ్లీషువాళ్ళు ష్రాఫ్ అనేవారు, మన షరాబు అన్న మాటా అదీ ఒక వేరువే. ముద్ర లోతుగా దిగినచోట లోపల ఎర్రగా రాగి కనిపిస్తే ఆ నాణెం గుట్టు రెండు వందల ఏళ్ళ కిందటే బయటపడిందన్నమాట. అలాంటి పాతకాలపు దొంగ నాణేల్ని కావాలని పోగుచేసేవాళ్ళున్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

దొంగ నాణేలంటే ఒకటి గుర్తొచ్చింది. 1812లో మద్రాసు నుంచి 40,000 స్పానిష్ డాలర్లు ఓడలో సిడ్నీ వెళ్ళాయి. అవి ఊరు దాటిపోకుండా గవర్నర్ మాక్వారీ ఒక్కోదానికి మధ్యలో చిల్లు పెట్టించాడు. ఆ పని అప్పగించింది ఎవరికనుకున్నారు? దొంగ డబ్బు చేసి శిక్షపడి అక్కడికి వచ్చిన విలియం హెన్షాల్‌కి! పనితెలిసినవాడు కావాలి మరి.

సరే, ఇప్పుడు రెండు నాణేల్నీ ముందు వరస నుంచి పంపిస్తున్నాను. వేళ్లతో అంచులే పట్టుకోండి, మొహం మీద బొటనవేలు వేయకండి, భూతద్దం కూడా వెంట పంపుతున్నా. ఏది ఏదో తెలిసినవాళ్ళు పైకి అనకండి, వెనక వరసవాళ్ళకి కూడా ఛాన్స్ ఉండాలి. రెండూ తిరిగి నాకే రావాలండోయ్, నకిలీది కూడా!