స్కైరిమ్‌ను అంతగా పొగడాలా? పర్లాకిమిడి నుంచి ఒక పరిశీలన

(తెర మీద: మంచు కొండల మధ్య నడిచిపోతున్న ఒంటరి మనిషి. సంగీతం లేదు, గాలి చప్పుడు మాత్రమే.)

నమస్కారం. ఒక ఊరు ఒకరి ఏలుబడి నుంచి ఇంకొకరి ఏలుబడిలోకి పోతే ఆ ఊరి జనానికి ఏమవుతుంది? వీడియో గేమ్ గురించి చెబుతానని పిలిచి ఇదేమి ప్రశ్న అనుకోకండి. నేను మాట్లాడుతున్నది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి నుంచి. ఇక్కడి తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పుట్టుకతోనే వస్తుంది. ఈ రోజు మాట్లాడుకోబోయే స్కైరిమ్ కథలో సగభాగం నిలబడింది కూడా ఈ ప్రశ్న మీదే.

తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్, టాడ్ హోవర్డ్ నాయకత్వంలో తయారు చేసిన గేమ్ ఇది. 2011 నవంబర్ 11న వచ్చింది. జపాన్ పత్రిక ఫామిట్సు దీనికి 40కి 40 మార్కులు వేసింది. పాశ్చాత్య దేశాల గేమ్‌కు ఆ పత్రిక పూర్తి మార్కులు ఇవ్వడం అదే మొదటిసారి. తర్వాత 2016లో స్పెషల్ ఎడిషన్, 2017లో నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం కోసం ఒకటి, వీఆర్ కళ్లద్దాల కోసం ఒకటి, 2021లో యానివర్సరీ ఎడిషన్ వచ్చాయి. ఒకే సరుకును ఇన్నిసార్లు అమ్మిన దుకాణదారు మా బజారులో కూడా లేడు. అయినా జనం కొంటూనే ఉన్నారు. 2023లో హోవర్డ్ చెప్పిన లెక్క ప్రకారం 6 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఇంత పొగడ్తలో న్యాయమైన వాటా ఎంత?

న్యాయమైనది ముందు చెబుతాను. ఈ గేమ్‌లో నడక బాగుంటుంది. తల నరకబోతుండగా డ్రాగన్ వచ్చి పడటం, ఆ గందరగోళంలో మీరు తప్పించుకోవడం అయిపోయాక, ఇక మిమ్మల్ని చెయ్యి పట్టి నడిపించేవారు ఉండరు. పక్క పల్లెకు వెళ్లమంటారు. వెళ్లకపోయినా ఎవరూ అడగరు. దూరాన కనిపించే కొండ అలంకారానికి గీసిన బొమ్మ కాదు, దాని మీదికి దారి ఉంటుంది. చిన్నప్పటి నుంచి మహేంద్రగిరి పేరు వింటూ, ఎప్పుడు ఎక్కుదామా అనుకుంటూ పెరిగిన పిల్లలకు ఆ ఆకర్షణ విడమరచి చెప్పనక్కర్లేదు.

(తెర మీద: ఉత్తరపు తీరాన, మంచులో ఒక లైట్‌హౌస్.)

ఒక ఉదాహరణ ఇస్తాను. ఉత్తరాన ఫ్రాస్ట్‌ఫ్లో అనే లైట్‌హౌస్ ఉంది. అక్కడికి వెళ్లమని చెప్పేవారు ఎవరూ ఉండరు. లోపల అడుగు పెడితే నేల మీద శవం, నెత్తురు. ఇల్లంతా వెతికితే ఆ ఇంటివాళ్లు రాసుకున్న కాగితాలు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. హబ్ద్ అనే ముసలి నావికుడు పెళ్లాం బిడ్డలతో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. నేలమాళిగ గోడ వెనుక నుంచి ఏవో చప్పుళ్లు మొదలయ్యాయి. చివరికి గోడను పగలగొట్టుకుని అవి లోపలికి వచ్చాయి. మీరు కిందికి దిగి, ఆ గుహ అడుగున ఉన్న పెద్ద పురుగును చంపితే, దాని కడుపులో హబ్ద్ అస్థికలు ఉంటాయి. తాను చనిపోతే ఈ దీపపు మంటలోనే దహనం చేయాలన్నది అతని కోరిక. ఆ సంగతి కాగితాల్లో చదివినవారికే తెలుస్తుంది. పైకి ఎక్కి అస్థికలను మంటలో వేస్తే మీకు ఒక చిన్న వరం దక్కుతుంది. చదవనివారు ఆ ఎముకలను సంచిలో వేసుకుని ఊళ్లు తిరుగుతారు, అంతే తేడా. ఇలాంటి చోట్లను ఓపికగా కట్టిన పనివాళ్లకు ఎన్ని మార్కులు వేసినా తక్కువే.

కత్తియుద్ధం గురించి ఎక్కువ చెప్పను. దెబ్బ తగిలినా తగిలినట్లు ఉండదు. గురుకులాల కథలు మరీ హడావుడి: మంత్రవిద్య పెద్దగా రాకపోయినా వింటర్‌హోల్డ్ కళాశాలకు మిమ్మల్నే కులపతిని చేసేస్తారు.

అసలు తగవు ఇక్కడ మొదలవుతుంది. ‘మీ నిర్ణయాలతో ఈ ప్రపంచం మారిపోతుంది’ అని దీన్ని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ మాటను పట్టి చూద్దాం.

స్కైరిమ్‌లో 9 సంస్థానాలు ఉంటాయి. ఒక్కో దానికి జార్ల్ అనే అధిపతి ఉంటాడు. సరిహద్దు జిల్లావాళ్లకు నవ్వు తెప్పించే నియమం ఒకటి ఉంది. నేరం ఏ సంస్థానంలో చేస్తే శిక్ష ఆ సంస్థానానికే పరిమితం. వైట్‌రన్‌లో దొంగతనం చేసి ఎల్ల దాటి రిఫ్ట్‌లోకి అడుగు పెట్టారా, మీరు పెద్దమనిషి. అధికారం ఎల్ల దగ్గర ఆగిపోవడం మాకు కొత్త కాదు. పాతపట్నం వైపు కాస్త దూరం వెళితే చాలు, బోర్డుల మీది లిపి మారుతుంది, బస్సు మారుతుంది, బడి పుస్తకం మారుతుంది. ఇంట్లో మాట మాత్రం మారదు, పెళ్లి సంబంధాలు ఆగవు. స్కైరిమ్ రూపకర్తలు ఎల్లను గీశారు కానీ దానికి అటూ ఇటూ బతుకును నింపలేదు. ఏ సంస్థానానికి పోయినా కాపలావాడు మోకాలికి తగిలిన బాణం గురించి అదే వాక్యం అప్పజెబుతాడు. ఆ వాక్యం 2011లో ఇంటర్నెట్ అంతటా పెద్ద హాస్యమైపోయింది. ఒకే గొంతు, ఒకే మాట, 9 సంస్థానాలు.

ఈ దేశంలో అంతర్యుద్ధం నడుస్తుంటుంది. ఒక పక్క సామ్రాజ్య సైన్యం, సేనాని టల్లియస్. ఇంకో పక్క స్వతంత్రం కోరే స్టార్మ్‌క్లోక్‌లు, నాయకుడు ఉల్ఫ్రిక్. మీరు ఏదో ఒక పక్షాన చేరి గెలిపించవచ్చు. గెలిచాక ఏమి మారుతుంది? కోటల మీద జెండాలు మారతాయి. కాపలావాళ్ల దుస్తులు మారతాయి. కొందరు జార్ల్‌లు దిగిపోతారు, స్టార్మ్‌క్లోక్‌లు గెలిస్తే వైట్‌రన్ పాత జార్ల్ బాల్‌గ్రూఫ్ సాలిట్యూడ్ కోటకు చేరతాడు. సంతలో కూరగాయలు అమ్మే ఆవిడకు మాత్రం అదే ధర, అదే మాట.

(తెర మీద: 1936 ఏప్రిల్ 1. పాత మద్రాసు రాష్ట్రపు పటం మీద ఒక గీత.)

నిజంగా ఇలా జరిగిన చోట సంగతి ఎలా ఉంటుందో చూడండి. పర్లాకిమిడి జమీందారీ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఒడియా రాష్ట్రం కావాలని వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అటు పోయింది, జమీందారీలో కొంత భాగం మద్రాసులోనే మిగిలింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయింది కూడా ఈ రాజాయే. జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపి, సవర భాషకు నిఘంటువు కూర్చి, వాడుక భాష కోసం పండితులందరితో పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ విలీనాన్ని వ్యతిరేకించారు. చివరికి ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏప్రిల్ 1 ఒక ఇంట్లో పండుగ, పక్కింట్లో ఫిర్యాదు. పిల్లలను ఏ మాధ్యమంలో చేర్పించాలి, భూమి కాగితాలు ఎవరిచేత చదివించుకోవాలి అన్న మాటలు తరాలు గడిచినా వీధి అరుగుల మీద వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ వీడియో పని కాదు. గీత మారితే అది ఇంటి గడప లోపలికి వస్తుందన్నదే నా మాట. స్కైరిమ్‌లో అది కోట గుమ్మం దగ్గరే నిలిచిపోతుంది.

‘ఫాంటసీ గేమ్‌ను ఇంత రాజకీయంగా చూడాలా’ అని కొందరు అడుగుతారు. చూడమన్నది గేమే. మొదటి దృశ్యంలో మిమ్మల్ని కూర్చోబెట్టిన బండిలోనే, నోటికి గుడ్డ కట్టిన ఉల్ఫ్రిక్‌ను కూడా కూర్చోబెట్టింది.

ఉల్ఫ్రిక్ రాజధాని విండ్‌హెల్మ్ సంగతి చూడండి. అక్కడ శరణార్థులుగా వచ్చిన డన్మర్ జాతివాళ్లు గ్రే క్వార్టర్ అనే మురికివాడలో బతుకుతారు. బల్లి రూపపు ఆర్గోనియన్లు ఓడరేవు దాటి నగరంలో ఉండకూడదు. మీరు సామ్రాజ్యం వైపు పోరాడి ఉల్ఫ్రిక్‌ను ఓడిస్తే, ఆ డన్మర్ల మీద సానుభూతి ఉన్న బ్రన్‌వుల్ఫ్ గద్దెనెక్కుతాడు. ఇక ఆ వాడ బాగుపడుతుందని మనసు ఆశపడుతుంది. పోయి చూస్తే ఒక్క ఇటుక కూడా కదలదు. ఇంత మంచి కథను పునాది దాకా కట్టి గోడలు లేపకుండా వదిలేశారు. పొగడ్తలు రాసినవారిలో ఎంతమంది గెలిచాక వెనక్కి వెళ్లి ఆ వాడ చూశారో నాకు అనుమానమే.

అలాగని రూపకర్తలకు రాజకీయం తెలియదని కాదు. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టంలో కత్తే లేదు. డ్రాగన్‌ను పట్టడానికి బాల్‌గ్రూఫ్ సాయం కావాలి. యుద్ధం ఆగితే తప్ప అతను కోటను ఇవ్వడు. దాంతో కొండ మీద హై హ్రోత్‌గార్ మఠంలో రెండు పక్షాలూ సంధికి కూర్చుంటాయి. బల్ల చుట్టూ బేరం మొదలవుతుంది. మాకు మార్కార్త్ కావాలి. అయితే మాకు రిఫ్టెన్ ఇవ్వండి. ఊళ్లను పేర్లు పెట్టి పంచుకుంటారు, ఆ ఊళ్లవాళ్లు ఒక్కరూ గదిలో ఉండరు. మధ్యవర్తి మీరే. మా ఊళ్లో పుట్టిన ఎవరికైనా ఆ బల్ల దగ్గర ఒళ్లు కాస్త జలదరిస్తుంది.

బేరం తెగాక ఏమవుతుందో చూడండి. రిఫ్టెన్ సామ్రాజ్యానికి వెళితే, సారా వ్యాపారంతో ఊరిని గుప్పిట్లో పెట్టుకుని దొంగల ముఠాతో కుమ్మక్కైన మేవెన్ బ్లాక్‌బ్రయర్ జార్ల్ అవుతుంది. మార్కార్త్ స్టార్మ్‌క్లోక్‌లకు వెళితే, వెండి గనులున్న సిల్వర్‌బ్లడ్ కుటుంబం నుంచి థోంగ్‌వోర్ జార్ల్ అవుతాడు. ఏ జెండా ఎగిరినా గద్దె మీద డబ్బున్న ఇల్లే కూర్చుంటుంది. ఇది చాలా తెలివైన చూపు. దీన్ని ఎవరిచేతా ఉపన్యాసంగా చెప్పించలేదు, మనుషులను మార్చి చూపించారు.

మార్కార్త్ ఇంకా లోతైనది. ఫోర్స్‌వోర్న్ అనే కొండజనం ఆ నేల తమదంటారు. కొంతకాలం వాళ్లే ఏలారు కూడా, తర్వాత ఉల్ఫ్రిక్ దండెత్తి వాళ్లను తరిమాడు. వాళ్ల రాజు మడనాక్ ఇప్పుడు సిడ్నా గనిలో ఖైదీ. ఆ గనే జైలు, అక్కడి ఖైదీలు వెండి తవ్వితే సొమ్ము సిల్వర్‌బ్లడ్‌లది. ఆ ఊళ్లో జరిగే హత్యల వెనుక ఉన్న కుట్ర గుట్టు లాగబోయిన మిమ్మల్ని కూడా అందులోకే తోస్తారు. అక్కడ మడనాక్‌ను చంపవచ్చు, లేదా అతనితో కలిసి పారిపోవచ్చు. నేను అతనితో పారిపోయే దారినే మెచ్చుకుంటాను. కానీ బయటికి వచ్చాక, ఒక్క స్థావరంలో తప్ప మిగతా కొండలన్నిటా ఫోర్స్‌వోర్న్ మిమ్మల్ని చూడగానే కత్తులు దూస్తారు. వాళ్ల రాజును విడిపించింది మీరే. ఆ కబురు గేమ్ ఎవరికీ చేరవేయదు.

దీనికి సాంకేతిక కారణాలు లేకపోలేదు. 2011 నాటి గేమ్ యంత్రాలు ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3లలో ఉన్న మెమరీ 512 ఎంబీ. అంత ఇరుకులో ఇంత దేశాన్ని నడపడమే గొప్ప. అయినా ప్లేస్టేషన్ 3లో సేవ్ ఫైలు పెరిగేకొద్దీ గేమ్ నత్తనడక నడిచేది. అంతర్యుద్ధంలో ఇంకా కొన్ని నగరాల ముట్టడులు ఉండాల్సింది. వాటి ఆనవాళ్లు ఫైళ్లలో మిగిలిపోతే, అభిమానులు బయటికి తీసి మోడ్‌గా, అంటే ఆటగాళ్లు సొంతంగా గేమ్‌కు చేర్చే మార్పుగా, అందించారు.

మోడ్‌ల మాట వచ్చింది కాబట్టి, స్కైరిమ్ ఇంతకాలం బతకడంలో సగం పుణ్యం ఆటగాళ్లదే అంటాను. 2012 ఫిబ్రవరిలో కంపెనీ మోడ్‌లు తయారు చేసే పనిముట్టు క్రియేషన్ కిట్‌ను ఉచితంగా ఇచ్చింది, అందుకు మెచ్చుకోవాల్సిందే. దానితో తయారైన ది ఫర్గాటెన్ సిటీ అనే మోడ్‌కు 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం బహుమతి వచ్చింది. 2021లో అదే సొంత గేమ్‌గా విడుదలైంది. మోడ్‌లకు డబ్బు వసూలు చేసే పథకాన్ని 2015 ఏప్రిల్‌లో తెచ్చారు, జనం తిరగబడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

(తెర మీద: మార్కార్త్ రాతి ద్వారం.)

కాబట్టి నా తీర్పు ఇది. తిరగడానికి, వెతకడానికి, ఒంటరిగా ఒక దేశం చూడటానికి స్కైరిమ్‌కు వచ్చిన ప్రతి పొగడ్తా చెల్లుతుంది. మీ చేతలతో దేశం మారుతుందన్న పొగడ్త చెల్లదు. కొనాలనుకుంటే స్పెషల్ ఎడిషన్ చాలు, ధర తగ్గించినప్పుడు తీసుకోండి. కొత్త గేమ్‌లను మోయలేని మామూలు కంప్యూటర్‌లో కూడా నడిచే అవకాశం ఎక్కువ. అంతర్యుద్ధంలో మాత్రం తొందరపడి చేరకండి. యుద్ధం ముందే ముగిస్తే ఆ సంధి ఘట్టం మీకు రానే రాదు. మార్కార్త్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు ద్వారం బయటే సేవ్ చేసుకోండి. లోపల అడుగు పెట్టగానే సంతలో ఒక మహిళ మీదికి ఒకడు కత్తితో వస్తాడు. చురుగ్గా కదిలితే ఆమెను బతికించవచ్చు.